గాజుమూత కింద గంట

ఉరవకొండ జూనియర్ కాలేజీ ల్యాబు తాళంచెవులు
నా నడుముకు వేలాడతాంటాయి.
ఏటా వానాకాలం నడుమ, కొత్త పిల్లోళ్ళకి
జిలానీ సారు గంట చూపిస్తాడు.
పైన గాజుమూత, లోపల బ్యాటరీ గంట.
అంచుకు గ్రీజు పూసేది నేను,
గాలి తోడే పంపు తిప్పేది నేను.

గాలి పోయేకొద్దీ మోత సన్నబడుతుందంట.
"అంట" అనే చెప్పాల నేను.
పదకొండేండ్లు బోరుబండి మీద బతికినోణ్ణి.
రాతిని తొలిచిన రొదే
నా చెవుల్ని కూడా తొలుచుకోని పోయింది.
గాలి ఉన్నప్పుడు కూడా నాకు ఆ గంట మోగదు.
పంపు ఎప్పుడు ఆపాలో
పిల్లోళ్ళ మొగాలే చెప్తాయి:
మొదట నవ్వులు, మోచేతి పోట్లు.
రోంతసేపటికి మెడలు సాగుతాయి.
ఆఖర్న ముందు బెంచీలో ఒక పాప
తెరిచిన నోరు మూయడం మరిచిపోతుంది.
అదీ గుర్తు. ఆపేస్తా.

మూతలో చిన్న సుత్తి మాత్రం
కొడతానే ఉంటుంది, కనబడతానే ఉంటుంది.
"మోత రాలేదు కదా, మరి చూపెట్ల వచ్చింది?"
అని సారు బోర్డు మీద రాస్తాడు.
నేను చదువుకోవాలనే రాస్తాడని నా అనుమానం.

అలకు నీళ్ళు కావాల, మోతకు గాలి కావాల,
వెలుగుకూ ఏదో ఒకటి ఉండి తీరాల, అనుకున్యారంట వెనకటి పెద్దోళ్ళు.
కంటికి ఆనని దానికి ఈథర్ అని పేరుపెట్టి
ఏండ్లకేండ్లు వెతికినారంట.
నాకు తెలుసు ఆ వెతుకులాట.
అరచేతిలో టెంకాయ పెట్టుకోని
చేను చుట్టూ నడిచినోళ్ళ వెనకాలే నడిచినా.
టెంకాయ నిక్కిన చోటల్లా బండి నిలిపి
నాలుగొందలు, ఆరొందలు, ఎనిమిదొందల అడుగులు.
తెల్లటి రాతిపిండి తప్ప పైకి ఏదీ రాలా.

ఓబులక్క చేన్లో మూడో బోరు కూడా ఎండిన పొద్దు
ఆమె ఇంట్లోంచి బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి
ఎండను పట్టి బొక్కలోకి వంచింది.
తాడు లేదు, పైపు లేదు.
మా ఇనుము పూటంతా గుద్ది చేరిన చోటికి
వెలుగు ఒట్టి చేతుల్తో దిగిపోయింది.
ఓబులక్క పెదాలు కదిలినాయి:
"ఎంత బాగా కనబడతాందో, ఏమీ లేనిది."

ఈ సంగతి సారుకు చెప్తే నవ్వి, చీటీ రాసిచ్చినాడు:
"బొక్కలో గాలుంది కదప్పా మద్దిలేటీ,
అది శూన్యం కాదు. శూన్యం పైనుంది."
చీటీ వెనకపక్క ఇంకా ఉంది:
సూర్యునికీ మనకూ నడుమ వెలుగుకు ఎనిమిది నిమిషాల దారి,
దారంటే దారి కాదు, ఖాళీ.
కరెంటు మారితే అయస్కాంతం లేస్తుంది,
అయస్కాంతం మారితే కరెంటు లేస్తుంది,
ఒకదానికి ఇంకోటే నేల.

అర్థమయ్యిందనే అనుకుంటా.
చిన్నప్పుడు మా తమ్ముడు రంగయ్యా నేనూ
చెప్పుల్లేని కాళ్ళతో వజ్రకరూరు రోడ్డెంబడి పోయేవాళ్ళం.
వాడు నిలబడితే వాని నీడలో నా కాలు,
నేను నిలబడితే నా నీడలో వాని కాలు.
నాలుగు మైళ్ళు. చెట్టనేది లేదు.
ఎట్లనో చేరేవాళ్ళం.
వెలుగుకు నీడ యాడిదని అడగొద్దు,
నాకు వచ్చిన లెక్క ఇదే.

పిల్లోళ్ళు పోయినాక ఒక్కో పొద్దు
మల్ల పంపు తిప్పి, గంట వేసి,
మూత కింది చెక్క మీద అరచెయ్యి ఆనిస్తా.
గాలి పోయినా, గంట
తీగ గుండా చెక్కలోకి దిగి
చీమ నడిచినంత సన్నగా తగుల్తుంది.
దానికి ఏదో ఒకటి పట్టుకోవాల, పాపం.
ఇది సారుకు చెప్పలా. పాఠం చెడిపోతుంది.

నిన్న అట్లే కూర్చోనుంటే, పడమటెండ
కొండ పడగ పక్కనుంచి కిటికీలోకి వచ్చి
గాజు మీద, సుత్తి మీద, నా చేతి మీద పడింది.
అది దేన్నీ పట్టుకోని రాలేదు.
వేడి మటుకు తెచ్చింది.
గ్రీజు తుడిచి, తాళమేసినా.